శివారు కరెంటు

సాయంత్రం దీపాలు పెట్టే వేళయ్యేసరికి మా కొసపేటలో కరెంటుకి నీరసం వచ్చేది. పొద్దంతా బాగానే తిరిగిన ఫ్యాను, రెక్కలు లెక్కపెట్టుకోమన్నట్టు తిరిగేది. ట్యూబులైటు రెండు చివర్లూ ఎర్రబడి, కాసేపు కొట్టుకుని ఊరుకునేది. టీవీలో బొమ్మ నాలుగు పక్కల నుంచీ లోపలికి ముడుచుకుని, వార్తలు చదివే ఆవిడ పోస్టుకార్డంత అయిపోయేది. ఏటిగట్టు ఎక్కి చూస్తే కొబ్బరి మట్టల సందుల్లోంచి మా ఇళ్ళన్నీ ఎర్రటి మసకలో, ఎవరి కలలోనో ఉన్నట్టు కనపడేవి. ఆ మసకలో ఒక్క ఇల్లు మాత్రం పాలు పోసినట్టు తెల్లగా వెలిగేది. అది రత్నమాలక్క ఇల్లు.

పి.గన్నవరం దాటి గట్టు వెంబడి కిందికి వస్తే ఆఖరున వచ్చేది మా పేట. మా తరవాత గోదావరే. ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మరు దగ్గర బయల్దేరిన తీగలు పిండిమరనీ, కొబ్బరితోటల మోటార్లనీ, రొయ్యల చెరువుల్నీ దాటుకుంటూ వచ్చి రత్నమాలక్క పెరట్లో స్తంభం దగ్గర ఆగిపోయేవి. కాలువ కింద సేద్యం చేసేవాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. మొదటి చేను వాడు మడి నిండా పెట్టుకుంటాడు. శివారు చేను వాడు గట్టు మీద కూర్చుని, నీళ్ళు ఎప్పుడొస్తాయా అని చూస్తాడు. కరెంటుకీ అదే కథ. తీగ పొడుగునా ప్రయాణానికే దాని బలం కొంత ఖర్చయిపోతుంది. దారిలో లాగేవాళ్ళు ఎక్కువైన కొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. సాయంత్రం అందరూ ఒక్కసారే లాగేవారు. మా దాకా వచ్చేది సగమే.

రత్నమాలక్క సౌదీ నుంచి వచ్చేసింది తొంభై నాలుగులో అనుకుంటాను. అక్కడ ఎవరింట్లోనో పనిచేసేది. పెళ్ళయిన కొత్తలోనే వెళ్ళింది. ఆవిడ పంపిన డబ్బుతో ఇల్లు లేచింది, పైన డాబా పడింది. ఆ ఇంట్లో ఉండాల్సిన మొగుడు మాత్రం మండపేటలో లారీ నడుపుతూ, అక్కడే ఇంకో ఆవిడతో కాపురం పెట్టేశాడు. అక్క వచ్చేనాటికి ఇంటికి తాళం, తాళానికి తుప్పు. ఊళ్ళో జనం ఊరుకుంటారా? తప్పంతా ఆవిడ నెత్తినే వేశారు. దేశాలు పట్టుకుని తిరిగితే మొగుడు ఏం చేస్తాడు పాపం అన్నారు. ఆ పాపం మొగుడు ఆవిడ డబ్బుతో సిగరెట్లు కాల్చిన సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

అందరికన్నా ఎక్కువ అన్నది వీరాయమ్మ. అక్క మొగుడికి పెత్తల్లి. పిల్లలు లేక అతన్ని కొడుకులా పెంచింది. కంచెకి ఇవతల అక్క ఇల్లు, అవతల వీరాయమ్మ ఇల్లు. అక్క పెరట్లోకి వస్తే వీరాయమ్మ కోళ్ళని తిట్టేది. అవి నిజంగా కోళ్ళని తిట్టే తిట్లు కావని కోళ్ళకి కూడా తెలుసు.

వచ్చిన రోజు మాత్రం పేటంతా అక్క ఇంటికి కదిలింది. మనిషిని చూడ్డానికి కాదు, సామాను చూడ్డానికి. తాళ్ళు కట్టిన అట్టపెట్టెల్లోంచి ఒక ఇస్త్రీపెట్టె, పాదంతో నొక్కితే నడిచే కరెంటు కుట్టుమిషను, హోల్డరుతో సహా పల్చటి అట్టలో చుట్టిన బల్బు ఒకటి బయటికొచ్చాయి. ఇస్త్రీపెట్టె ప్లగ్గుకి రేకుల్లాంటి రెండు పళ్ళున్నాయి. మన సాకెట్టులో పట్టలేదు. చుట్టూ ఉన్న మగాళ్ళకి అంత పెద్ద సమస్య దొరికితే ఆగుతారా! ఒకాయన ప్లగ్గు కోసేశాడు, ఇంకొకాయన తీగలు పళ్ళతో ఒలిచాడు, మూడో ఆయన వాటిని సాకెట్టులో దూర్చి అగ్గిపుల్లలు బిగించాడు. మిట్టమధ్యాహ్నం, కరెంటు పూర్తిగా ఉన్న వేళ. స్విచ్చి వేసిన కాసేపటికే ఇస్త్రీపెట్టెలోంచి కమురు కంపు, ఆ వెనకే పొగ. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు. నేనూ, ఆవిడా, మాడిన ఇస్త్రీపెట్టే మిగిలాం. నాది వీధికి అటు పక్క ఇల్లు.

మర్నాడు జోజి వచ్చాడు. గన్నవరం సెంటర్లో కరెంటు సామాను బాగుచేసే కొట్టు అతనిది. సైకిలు దిగుతూనే మాట్లాడ్డం మొదలుపెట్టి, సైకిలెక్కాక కూడా మాట్లాడుతూ పోయే మనిషి. ఇస్త్రీపెట్టె తిరగేసి, అడుగున అంటించిన చీటీ చదివాడు.

"ఇదండీ సంగతి. దీనికి నూట ఇరవై ఏడు చాలండి. మనం రెండొందల ముప్ఫై పెట్టేం."

"రెండింతలేగా జోజీ. అంతలోకే మాడిపోవాలా?" అన్నాను నేను.

"రెండింతలు తోసేమా అండీ, ఆ తోపుకి పారేది కూడా రెండింతలవుద్ది. రెండు రెళ్ళు నాలుగు. ఇంచుమించు నాలుగు పెట్టెల వేడి ఒక్క పెట్టెలో పుట్టిందండి. ఏం తట్టుకుంటుంది చెప్పండి?" మిషనూ, బల్బూ కూడా తిప్పి చూసి పక్కన పెట్టాడు. "ఇవీ ఆ జాతేనండి. ఇక్కడ పనికిరావు. అటకెక్కించెయ్యండి."

అక్క బల్బుని మాత్రం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆ వారమంతా ఆవిడ సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, పైకప్పుకి వేలాడే మన మామూలు అరవై క్యాండిల్ బల్బుని చూస్తూ ఉండిపోయేది. పొద్దు వాలే కొద్దీ దాని వెలుగు పసుపయ్యి, నారింజయ్యి, చివరికి లోపలి తీగ సన్నటి ఎర్ర దారంలా కళ్ళకి కనపడేది. ఎంతసేపు చూసినా కళ్ళు చెదిరేవి కావు. నాకు భయం వేసింది, ఈవిడకి మతి గానీ చలించిందా అని. ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది.

"మాధవీ, ఈ దీపానికి ఇప్పుడు ఎంత కరెంటు వస్తున్నట్టే?"

"ఏమో అక్కా. సగం కూడా వస్తున్నట్టు లేదు."

"సగమే కదా నేను తెచ్చినదానికి కావాల్సింది," అంది.

మర్నాడు సాయంత్రం జోజి మీటరు పట్టుకొచ్చాడు. రెండు పుల్లలూ సాకెట్టులో పెట్టి, ముల్లు నిలబడ్డాక తలెత్తి మా ఇద్దరి వంకా చూశాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు. "నూట పద్దెనిమిదండీ! ఆయ్, మీ ఇంట్లో సౌదీ కరెంటే ఉందండి."

అక్క లేచి, ఆ బల్బు హోల్డరులో తిప్పింది. అది మన బల్బులా గుచ్చి తిప్పేది కాదు, మరమేకులా తిరుగుతూ బిగిసేది. హోల్డరు కూడా అక్కణ్ణుంచే తెచ్చుకుంది కాబట్టి సరిపోయింది. స్విచ్చి వేసింది. తెల్లటి వెలుగు అరుగు దిగి, ముగ్గు మీంచి, వీధి దాటి మా గుమ్మం దాకా వచ్చింది. అన్ని ఇళ్ళల్లోనూ దీపాలు ఎర్రగా కునుకుతున్న వేళ అది. కొబ్బరి మట్టల అడుగులు పచ్చగా కనపడ్డాయి. గూటికి చేరిన కాకి ఒకటి తెల్లారిందనుకుని అరిచింది. నాకు ఒళ్ళు పులకరించిందంటే నమ్మండి.

జోజి మిషనుకి మన ప్లగ్గు బిగించి ఇచ్చాడు. ఆ రోజు నుంచి అక్క కుట్టుపని సాయంత్రం మొదలయ్యేది. పగలు కరెంటు నిండుగా ఉంటుంది కాబట్టి మిషను ముట్టుకునేది కాదు. వంట, పెరడు, గుడ్డ కత్తిరించుకోవడం, అంతే. పొద్దు గుంకాక అరుగు మీది మామూలు బల్బుని చూసేది. తీగ కంటికి కనపడి, రెప్ప వెయ్యకుండా చూడగలిగితే వేళయినట్టు. "తీగ కనపడిందే" అని నాకు కేక వేసి మిషను తగిలించేది. మీటరు జోజి దగ్గరుంది, ఆవిడకి ఆ ఎర్ర దారమే మీటరు. కుడుతున్నంతసేపూ కాలు పెడలు మీద, చూపు ఆ బల్బు మీద. వానొచ్చి తోటల్లో మోటార్లు ఆపేశారంటే మా మీదికి కరెంటు ఒక్కసారిగా పొంగేది. ఎర్ర దారం పసుపెక్కడం మొదలవగానే ఆవిడ ఉన్నపళాన ప్లగ్గు లాగేసేది. జాకెట్టు చెయ్యి సగం కుట్టి ఆగిపోయినా సరే, మళ్ళీ తీగ కనపడేదాకా ముట్టుకునేది కాదు.

వెలుతురున్న చోటికి జనం రాకుండా ఉంటారా? ముందు సూదిలో దారం ఎక్కించుకోవడం కోసం మా పక్కింటి గంగాదేవి వచ్చింది. తరవాత పరీక్షల పిల్లలు పుస్తకాలు తెచ్చుకున్నారు. పూలు కట్టేవాళ్ళు, పేలు చూసుకునేవాళ్ళు, చేపల వల అల్లుకునే సూర్యారావు బాబాయి, ఒక్కొక్కరే చేరారు. నేను కాజాలు కుట్టేదాన్ని. ఏడాది తిరిగేసరికి ఆ అరుగు మీద చోటు కోసం తగువులు పడేవారు. ఆవిడ వచ్చిన కొత్తలో ఎవరెవరు ఏమేమన్నారో నాకు నోటికి వచ్చు గానీ, అక్కకి అవేవీ పట్టినట్టు ఉండేది కాదు. అందరికీ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేది. వాళ్ళు అక్కడి బంగారం ధర అడిగేవారు, ఎన్ని అంతస్తుల మేడలుంటాయని అడిగేవారు. ఆవిడ మిషను తొక్కుతూ జవాబు చెప్పేది.

రానిది వీరాయమ్మ ఒక్కతే. అయితే ఆవిడ తన అరుగు మీద సరిగ్గా వెలుతురు పడే చోట, వీపు మా వైపు పెట్టి కూర్చునేది. కంచె మీంచి వచ్చిన వెలుగు ఆవిడ భుజం దాటి చేటలో పడేది. చక్కగా బియ్యంలో రాళ్ళు ఏరుకునేది. అక్క అది చూసి, బల్బు వైరు ఇంకాస్త అటుపక్కకి జరిపి కట్టింది. ఆ సంగతి వీరాయమ్మకి తెలుసో లేదో, కోళ్ళని తిట్టడం మాత్రం మానలేదు.

జోజి కూడా అప్పుడప్పుడూ కొట్టు కట్టేసి ఇటు వచ్చేవాడు. ఒకనాడు ఎవరో అడిగారు, ఈ కరెంటు ఎక్కడో డ్యాముల దగ్గర పుట్టి ఇంత దూరం ఎలా నడిచొస్తుందని.

"నడిచి రాదండీ బాబూ. తీగలో ఉన్నది తీగలోనే ఉంటుంది. ముందుకీ వెనక్కీ ఊగుతుందంతే. అక్కడ ఊపితే ఇక్కడ ఊగుతుంది. మన దేశంలో సెకనుకి యాభై ఊపులండి. రత్నమాల గారు ఉన్నచోట అరవై."

అక్క మిషను ఆపింది. "అయితే ఇది ఎక్కణ్ణుంచీ రాలేదా జోజీ? ఈ తీగలో ఇక్కడే ఉందా ఎప్పుడూ?"

"ఆయ్. ఇక్కడిదేనండి. ఎక్కడికీ పోదు కూడా."

ఆవిడ చాలాసేపు ఆ బల్బు వంక చూస్తూ ఉండిపోయింది. గోదావరి మీంచి గాలి వచ్చి బల్బు ఊగింది. అరుగు మీద మా నీడలన్నీ గోడెక్కి దిగాయి. ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అవి జరిగినట్టుండవు, ఎవరో నాకు నిద్రపోయేముందు చెప్పినట్టుంటాయి.

అలా కొన్నేళ్ళు గడిచాక, రెండు వేల సంవత్సరం దాటిన తరవాత, మా పేటకి వేరే ట్రాన్స్‌ఫార్మరు మంజూరైంది. దాని కోసం మా మగాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరగని తిరుగుడు లేదు. చివరికి ఇంజనీరు గారు జీపులో వచ్చారు. మర్యాదస్తుడు, మా ఇంట్లో మజ్జిగ కూడా తాగారు. వరదొస్తే మునగని మెరక కావాలన్నారు. పేటలో మెరక అంటూ ఉన్నది ఒక్కటే, రత్నమాలక్క పెరడు. పెద్ద లైను లాగడానికి స్తంభాలూ అక్కడిదాకా ఉన్నాయి. అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"ఇస్తారా అమ్మా? రెండు సెంట్లుంటే చాలు," అన్నారు ఇంజనీరు గారు.

అక్క పైట కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "ఆలోచించుకుని చెప్తానండి" అంది.

పేటంతా తెల్లబోయింది. జీపు వెళ్ళిన మరుక్షణం నుంచీ మళ్ళీ పాత మాటలు మొదలయ్యాయి. ఆవిడ దీపం వెలిగితే చాలు, మన దీపాలు ఏమైపోతేనేం అన్నారు. రోజూ ఆవిడ అరుగు మీద కూర్చుని లేచినవాళ్ళే అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ అక్క ఎందుకు ఆలోచిస్తోందో నాకూ అంతుపట్టలేదు. వెళ్ళి అడిగేశాను. అప్పటికే అక్కడ జోజి ఉన్నాడు.

"మిషనుకేం భయం లేదండి. మోటారొక్కటీ తీసి మన మోటారు బిగిస్తాను. బల్బుకైతే కాకినాడలో కరెంటు తగ్గించే పెట్టెలు దొరుకుతాయి, ఒకటి తెచ్చి పెట్టుకుందాం," అంటున్నాడు.

"ట్రాన్స్‌ఫార్మరు పెడితే మా ఇంటికి ఎంతొస్తుంది?" అంది అక్క.

"మీకే ముందు కదండీ! కాలువ మొదట్లో చేను మీది. నిండా రెండొందల ముప్ఫై."

"అందరికీ అంతేనా?"

"అందరికీనండి."

అక్క తల వంచుకుంది. జోజి వెళ్ళాక నా చెయ్యి పట్టుకుంది. "నాకు కావాల్సింది బల్బు కాదే మాధవీ. నేను వచ్చిన కొత్తలో నా గుమ్మం ఎవరు తొక్కేరు? దీపం వెలిగేకే కదా వచ్చేరు. రేపు ఎవరింట్లో వాళ్ళకి దీపం ఉంటే నా అరుగెక్కే పని ఎవరికుంటుంది?"

"నేను రానా?"

"వస్తావు. నువ్వు మాత్రం ఎంతసేపు కూర్చుంటావు? నీకూ సంసారం ఉంది. నాకు మళ్ళీ ఆ నిశ్శబ్దం అంటే భయంగా ఉందే. అక్కడా అదే, ఇక్కడా అదే."

అలా ఏమీ జరగదక్కా అని గట్టిగా చెబుదామనుకున్నాను. మా పేట జనం నాకు బాగా తెలుసు కాబట్టి ఆ మాట నోట్లోంచి రాలేదు.

ఆవిడ అలా ఏమీ తేల్చకుండానే ఎండాకాలం వచ్చింది. ఒక సాయంత్రం పేటంతటికీ నీళ్ళిచ్చే మంచినీళ్ళ మోటారు వేశారు. అది మూలిగింది గానీ తిరగలేదు. ఆపకుండా వదిలేశారు. కాసేపటికి షెడ్డులోంచి పొగ వచ్చింది. జోజి వచ్చి మోటారు విప్పితే లోపలి రాగి చుట్లు నల్లగా మాడి, ఆ కమురు వాసన వీధంతా కొట్టింది. అక్క కూడా వచ్చి చూసింది.

"ఎక్కువొస్తేనే కదా మాడేది? ఇప్పుడు తక్కువే కదా జోజీ ఉంది?"

"మోటారు సంగతి వేరండి. తిరిగేంత బలం అందకపోతే అది ఊరుకోదు, లాగీ లాగీ ఇంకా ఎక్కువ కరెంటు మింగేస్తుంది. తిరక్కుండా మింగిందంతా వేడేనండి. పేటలో ఇన్ని ఫ్రిజ్జులు, మోటార్లు ఎందుకు పోతున్నాయనుకున్నారు? ఈ నీరసం కరెంటుకేనండి."

తరవాత రెండు మూడు వారాలు ఆడవాళ్ళం ఏటి నుంచి నీళ్ళు మోశాం. సాయంత్రం చల్లబడ్డాక బిందెలతో గట్టెక్కి దిగి, అక్క ఇంటి ముందు నుంచే రావాలి. అక్క మాతో పాటే మోసుకుని, ముందుగా ఇల్లు చేరి దీపం వేసేది, మాకు దారి కనపడాలని. ఆ వెలుతుర్లో ఒకరోజు వీరాయమ్మ వచ్చింది. చంకలో బిందె, నడుం వంగిపోయింది, ప్రతి అడుక్కీ నీళ్ళు తొణికి చీర తడిసిపోతోంది. ఆయాసంతో కంచె గుంజ పట్టుకుని నిలబడింది. అక్క అరుగు దిగి బిందె అందుకోబోయింది. వీరాయమ్మ ఇవ్వలేదు. చెయ్యి తోసేసి, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ ఇంట్లోకి పోయింది.

అక్క అక్కడే నిలబడి దీపం వంక చూసింది. ఆ దీపం వెలిగేదీ ఈ కరెంటుకే, ఆ మోటారు మాడేదీ ఈ కరెంటుకే. తొందరగా లోపలికెళ్ళి దీపం ఆర్పేసింది. మర్నాడు పొద్దున్నే గన్నవరం ఆఫీసుకి వెళ్ళి, మా పెరట్లో పెట్టుకోండని చెప్పి వచ్చింది. నాకు కూడా చెప్పకుండా వెళ్ళింది.

తొలకరి పడేలోగా దిమ్మె కట్టారు, స్తంభాలు లేపారు. బూడిద రంగు ట్రాన్స్‌ఫార్మరుని తాళ్ళతో పైకి లాగుతుంటే పేటంతా చుట్టూ చేరి కొబ్బరికాయలు కొట్టింది. అక్క పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ సాయంత్రమే కరెంటు వదిలారు.

అబ్బ, ఏం వెలుగది! ట్యూబులైట్లు ఒక్క కొట్టుడుకే అందుకున్నాయి. ఫ్యాన్లు తిరుగుతుంటే క్యాలెండర్లు గోడల మీద నిలవలేదు. టీవీల్లో మనుషులు మళ్ళీ మనుషులంత అయ్యారు. పిల్లలు వీధిలో అరుచుకుంటూ పరుగులు పెట్టారు. తరవాత ఒక్కొక్కరే ఎవరిళ్ళల్లోకి వాళ్ళు వెళ్ళారు. సీరియల్ వేళకి వీధిలో ఎవరూ లేరు. తలుపుల సందుల్లోంచి అన్ని ఇళ్ళ టీవీలూ ఒకే పాట పాడుతున్నాయి.

నేను పిల్లలకి అన్నాలు పెట్టి, గిన్నెలో కాస్త పులుసు పోసుకుని అక్క ఇంటికి బయల్దేరాను. అరుగు మీద దీపం లేదు. సౌదీ బల్బు ఎలాగూ వెయ్యడానికి లేదు, మామూలు బల్బు కూడా వేసుకోలేదు ఆవిడ. అరుగు స్తంభానికి ఆనుకుని ఒక్కతే కూర్చుంది. వెనకాల ట్రాన్స్‌ఫార్మరు తేనెపట్టులా సన్నగా గుంయిమంటోంది. నేను గేటు తియ్యబోతుంటే కంచె అవతల అలికిడైంది.

వీరాయమ్మ. తన ఇంట్లో ట్యూబులైటు దేదీప్యమానంగా వెలుగుతుంటే, దాన్ని వదిలేసి, కంచె గుంజలు పట్టుకుంటూ ఇటు వచ్చింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి అరుగెక్కింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ అరుగెక్కడం నేను చూడలేదు. అక్కకి బారెడు దూరంలో చతికిలబడింది. నేను గేటు దగ్గరే ఆగిపోయాను.

వీరాయమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది.

"అన్నం పెట్టేవారా?" అంది వీరాయమ్మ.

"ఎవరత్తా?"

"ఆ దేశంలో. ఆ ఇంటోళ్ళు. కడుపు నిండా పెట్టేవారా నీకు?"

అక్క కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది. "రెండో ఇంట్లో బాగానే పెట్టేరత్తా. మొదటింట్లో వంటగదికి తాళం ఉండేది. వాళ్ళు తిని లేచేక మిగిల్తే ఇచ్చేవారు."

"ఎన్నాళ్ళు?"

"మొదట్లోనే. రెండేళ్ళు."

"రెండేళ్ళా! మరి వచ్చెయ్యకపోయేవా?"

"ఇక్కడెవరున్నారని రానత్తా?"

వీరాయమ్మకి ఒక్కసారిగా కోపం వచ్చేసింది. "ఎవరున్నారా? నేను చచ్చేననుకున్నావా? ఆడు ఎలాంటోడో పెంచిన నాకు తెలీదనుకున్నావా? ఒక్క ఉత్తరం ముక్క రాస్తే నేను లేనా? నాకు ఇన్నాళ్ళూ అదే కడుపుమంట, నన్ను మనిషి కింద లెక్కెయ్యలేదని!" అని అరిచి, అరుపు మధ్యలోనే ఏడ్చేసింది.

రత్నమాలక్క ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఇస్త్రీపెట్టె మాడిన రోజు కూడా ఏడవలేదు. ఇప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. వీరాయమ్మ జరిగి జరిగి దగ్గరికొచ్చి, ఆవిడ తల లాగి తన భుజానికి ఆనించుకుంది. అంతలోనే మళ్ళీ కసిరింది.

"చాల్లే లే. చేపల పులుసు వండేను. ఒక్కదాన్నీ తినలేను. పద."

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అరుగు దిగారు. కంచె దగ్గర వీరాయమ్మ ముందు దాటి, వెనక్కి తిరిగి అక్కకి చెయ్యి అందించింది. అక్క తన ఇంటి తలుపు వెయ్యకుండానే వెళ్ళిపోయింది. నేను వెళ్ళి దగ్గరికి వేసి, నా పులుసు గిన్నె పట్టుకుని ఇంటికొచ్చేశాను.